కుడి పక్క కోసేసిన ఫొటో

మా బావ అప్పలకొండకి లోకం మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. తను తీసిన ఫొటోని ఊరూవాడా వాడుకున్నారు, ఒక్కడూ కింద తన పేరు వేయలేదు, ఒక్కడూ వాడుకోవచ్చా అని అడగలేదు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చుంటే ఇదే గోల, ఆస్పత్రిలో చీటీ కోసం వరసలో నిలబడ్డా ఇదే గోల. పరామర్శకి వెళ్ళిన ఇంట్లో కూడా ఆయన ఎలాగో మాట తిప్పి ఆ ఫొటో దగ్గరికే తెచ్చేవాడు. కిరండూల్ బజారులో ఆయన ఎదురొస్తున్నాడని పక్క సందులోకి మళ్ళిపోయిన పెద్దమనుషులు నాకు తెలుసు. అందులో నేనూ ఒకణ్ణి.

ఆయన మా అక్క రామతులసి మొగుడు. మాది బొబ్బిలి వైపు. ఇనుప గనిలో పనులున్నాయంటే అందరితో పాటు మేమూ రైలెక్కి ఈ బస్తర్ కొండల్లోకి వచ్చి పడ్డాం. నేను గనిలో కన్వేయర్ బెల్టు దగ్గర పనిచేసి రిటైరయ్యాను. బావకి మాత్రం ఒకడి కింద పనిచేసే గుణం లేదు. బజారులో ఒక ఇరుకు గది పట్టి ఫొటో స్టూడియో పెట్టాడు. గనిలో చేరిన ప్రతివాడి గుర్తింపు కార్డు మీద మొహం ఆయన తీసిందే. నా కార్డులో నేను అప్పుడే దొరికిపోయిన దొంగలా ఉంటాను. అదేమిటి బావా అంటే, "ఫొటోదేటి తప్పు, ఉన్న మొహమే పడతాది" అనేవాడు.

తీసిన ప్రతి ఫొటో వెనకా రబ్బరు ముద్ర కొట్టడం ఆయనకి అలవాటు. అప్పలకొండ, కిరండూల్, అనుమతి లేనిదే వాడరాదు అని. పాస్‌పోర్టు సైజు ఫొటో వెనక కూడా కొట్టేవాడు. మన మొహం మనం వాడుకోవడానికి ఈయన అనుమతేమిటని గనిలో అందరం నవ్వుకునేవాళ్ళం.

ఇంతకీ ఆ ఫొటో సంగతి. అవి క్యాసెట్ల రోజులు. జగదల్‌పూర్‌లో ఒక వ్యాపారి ఇల్లు అద్దెకు తీసుకుని రికార్డింగ్ స్టూడియో పెట్టాడు. చప్పుడు బయటికి పోకుండా గోడలకి పరుపులూ గోనెలూ కట్టాడు. ఒక గదిలో వాయిద్యగాళ్ళు, పక్క గదిలో మిషను, రెండింటికీ మధ్య పెద్ద అద్దం. పాడేవాళ్ళు మారేవారు గానీ వెనక వాయించే బృందం మారేది కాదు. పొద్దున ఇక్కడి హల్బీ భాషలో పాట, మధ్యాహ్నం గోండీ పెళ్ళిపాట, సాయంత్రం మన తెలుగు భజన, అన్నిటికీ వాళ్ళే. క్యాసెట్ అట్ట మీద గాయకుడి పేరుండేది. వాయించినవాళ్ళ పేర్లు వేయాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. ఒక అట్ట కోసం ఆ బృందాన్ని ఫొటో తీయమని వ్యాపారి మా బావని పిలిపించాడు.

ఫొటో బాగా వచ్చింది. ఐదుగురు మనుషులు, మధ్యన ఒక్క మైకు. హార్మోనియం ముందు కూర్చున్నాయన కళ్ళు మూసుకుని ఉంటాడు, సన్నాయి ఊదే ముసలాయన బుగ్గలు రెండు ఉల్లిపాయల్లా ఉబ్బి ఉంటాయి. చూస్తే పాట వినపడుతుంది. ఈ మాట బావ ముందు ఎప్పుడూ అనలేదు, అంటే ఇక ఆ రోజంతా నన్ను వదలడు.

క్యాసెట్లు పోయాయి, ఆ వ్యాపారి దుకాణం మూసేసి ఎటో పోయాడు. ఫొటో మాత్రం బతికింది. ఎవరో క్యాలెండర్ మీద వేశారు, ఎవరో పుస్తకం అట్ట మీద వేశారు, ఒక హోటల్‌వాడు గోడంత పెద్దది చేసి భోజనాల గదిలో పెట్టాడు. అన్నిచోట్లా ఫొటో ఉంది, బావ పేరు ఎక్కడా లేదు. ఆ హోటల్లో ఆయన గోడ దగ్గర నిలబడి అరుస్తుంటే చేతిలో ఇడ్లీ ప్లేటుతో నేను పడ్డ సిగ్గు నాకే తెలుసు.

రెండేళ్ళ కిందట ధీరజ్ వచ్చాడు. పక్కూరు బచేలీలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, వాళ్ళ నాన్న నాతో పాటు గనిలో చేశాడు. బస్తర్ పాత పాటలన్నీ పోగు చేసి ఇంటర్నెట్‌లో ఒక పేజీ నడుపుతున్నాడు. అందులో మన ఫొటో పెట్టాడు. సంగతి తెలిసి బావ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి దండెత్తాడు.

"అంకుల్, నేను అమ్ముకోవడం లేదండీ" అన్నాడు ధీరజ్ కుర్చీలు వేస్తూ. "చదువుకోవడానికి, చరిత్ర చెప్పుకోవడానికి వాడుకుంటే చట్టం కూడా తప్పు పట్టదండీ. న్యాయమైన వాడకం అంటారు."

"నాయం గురించి నువ్వు నాకు సెప్తావేటి!" అని లేచాడు బావ. "ఎవులి సొమ్మది? ఎవులినడిగి పెట్టినావు? అడిగితే నానిద్దును కదా!"

ఇచ్చేవాడు కాడు. ఎవరడిగినా ఇవ్వలేదు. కానీ ఆ కుర్రాడు మంచివాడు, ఎదురు మాట్లాడలేదు. అక్కడికక్కడే ఫొటో కింద ఛాయాచిత్రం అప్పలకొండ, కిరండూల్ అని వేసి చూపించాడు. దాని పైన, ఆ స్టూడియోలో వాయించిన ఐదుగురు అని రాసి, ముసలివాళ్ళని అడిగి కనుక్కున్న ఐదు పేర్లూ వేశాడు. బావ తన పేరుని అలా చూస్తూ ఉండిపోయాడు. కళ్ళు చెమర్చాయి కూడా. ఆ వారమంతా నా ఫోను నా దగ్గర లేదు, బజారులో కనపడ్డవాళ్ళందరికీ చూపించడానికి ఆయనే పట్టుకు తిరిగాడు. ఐదుగురు అన్న మాటని ఆయన అంతమందికి చదివి వినిపించాడు. ఒక్కసారీ నోరు తడబడలేదు.

ఆ పేరు పట్టుకునే భీమే అనే ఆమె మా అక్కావాళ్ళింటికి వచ్చింది, నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను.

నలభై దాటిన గోండు మనిషి, ఎండకి బాగా నల్లబడింది. సుక్మా వైపు భేజ్జి దాటి అడవి లోపలికి ఉన్న ఊరు వాళ్ళది. పొద్దున్నే జీపెక్కి, దంతెవాడలో ఇంకో బండి మారి, బజారులో అప్పలకొండ ఎవరని అడుగుతూ వచ్చింది. మా అక్క అన్నం పెడితే తింది గానీ కళ్ళు బావ మీదే ఉన్నాయి. చెయ్యి కడుక్కుని ఫోను తీసి ధీరజ్ పేజీ చూపించింది. ఫొటో కుడి చివర వేలు పెట్టింది. అక్కడ సగం డోలు, పుల్ల పట్టుకున్న ఒక చెయ్యి కనపడుతున్నాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆ చెయ్యిని నేను పట్టించుకోలేదు. అరచేతికి గుడ్డపేలిక చుట్టి ఉంది.

"ఇది మా నాయిన చెయ్యి కాకా" అంది భీమే. "మంగ్లూ అంటరు. డోలు కొడితే బొబ్బలెక్కుతయని గట్లనే గుడ్డ చుట్టుకునేటోడు. మరి మనిషేడి?"

ఆమే చెప్పుకుపోయింది. అడవిలో తుపాకులు తిరిగిన చెడ్డ రోజుల్లో వాళ్ళ ఇల్లు కాలిపోయింది. ఎవరు కాల్చారో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒంటిమీది బట్టలతో నదులు దాటి భద్రాచలం వైపు పోయారు, ఆమె తెలుగు అక్కడ పట్టుబడిందే. అక్కడ మిరప తోటల్లో కూలి చేస్తుండగా మంగ్లూ పోయాడు. పరాయి ఊళ్ళో గట్టు పక్కన పూడ్చారు. ఇప్పుడు రోడ్డు పడింది, ఊళ్ళోకి మళ్ళీ వచ్చారు. తండ్రి పేరున సొంత ఊళ్ళో రాయి నిలబెట్టారు. వాళ్ళ ఆచారంలో అలా నిలబెడితేనే పోయినవాడు ఇంటికి చేరినట్టు.

"మా అమ్మ పుట్టిల్లు దంతెవాడ దిక్కు. ఆ దిక్కోళ్ళు ఉత్త రాయి పెట్టరు, బొమ్మలేస్తరు. మనిషి ఏం జేసిండు, ఏం వాయించిండు, అన్నీ ఏస్తరు. నంద అని రంగులేసేటోడున్నడు, మా మామే. డోలు ఏస్తడు, చేతులు ఏస్తడు. మొకం ఎట్ల ఏస్తడు? ఇల్లుతోని అన్నీ కాలిపాయె. నాయిన పోయేనాటికి మాకు ఫొటో ఉన్న కార్డు ఒక్కటీ లేకపాయె." ఆమె ఫోను మీద వేలు తీయలేదు. "నాకే యాదికి లేదు కాకా. కండ్లు మూసుకుంటే చెయ్యి కనపడ్తది, మొకం కనపడదు. మొకం లేని రాయి చూస్తే మా అమ్మ ఏమంటది? కొయ్యని ఫొటో ఉన్నదా నీ కాడ?"

వంటింటి గుమ్మంలో మా అక్క బావ వంక చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"నేదమ్మా" అన్నాడు బావ. "అంతే పడింది."

భీమే ఫోను చీరకొంగులో చుట్టి పెట్టుకుంది. కోపం తెచ్చుకోలేదు, ఏడవలేదు. వానలు పడేలోపు నంద బొమ్మలు మొదలు పెడతాడని చెప్పి, ఏమైనా కనపడితే ఫోను చేయమని అక్కకి నంబరిచ్చి బండి వేళకి వెళ్ళిపోయింది.

ఆమె సందు మలుపు తిరిగిందో లేదో మా అక్క అందుకుంది. మా అక్క సంగతి తెలుసు కదా, మామూలుగా నెమ్మది, తిక్క రేగితే గనిలో పేలుళ్ళ సైరను కూడా వినపడదు.

"అంతే పడిందా? ఎవులికి సెప్తన్నావు? సీకటి గదిలో నీ పక్కన నిలబడి ఆ ఫొటోలు నీళ్ళల్లో కడిగింది నేను కాదేటి? ఆరుగురు. ఆరో మనిషి మన మంగ్లూ. మన పెళ్ళిలో తెల్లారిందాకా డోలు వాయించినోడు."

బావ వరండాలోకి పోబోయాడు. ఆవిడ అడ్డం నిలబడింది.

"నీ మొహం దాసుకోడానికి ఆడి మొహం కోసేసినావు. ఇప్పుడు ఆడి పిల్లొచ్చి అడిగితే నేదంటావా? తీయి ఆ డబ్బా."

బావ బీరువా మీంచి బిస్కట్ డబ్బా దింపాడు. ఈ ఊరి తేమకి బూజు పట్టకుండా నెగటివ్‌లతో పాటు అందులో చిన్న బియ్యం మూట ఉంది. ఒక నెగటివ్ తీసి నా చేతిలో పెట్టాడు. కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను. తెల్లవి నల్లగా, నల్లవి తెల్లగా ఉన్నా మనుషులు తెలుస్తున్నారు. కుడి చివర అద్దానికి వీపు పెట్టి ఆరో మనిషి నిలబడి ఉన్నాడు. డోలు భుజానికి వేలాడుతోంది. తల కాస్త వంచి, పక్కవాడి తాళం వింటున్నవాడిలా ఉన్నాడు. ఆయన భుజం వెనక, అద్దంలో, ఏడో మనిషి. కెమెరా కంటికి ఆనించి, రెండో కన్ను గట్టిగా మూసి, నాలిక ఇంత బయట పెట్టి. మా బావే.

ఆయన ఫొటో తీసేటప్పుడు నాలిక బయటపెడతాడని కిరండూల్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆయనకి మాత్రం ఎవరైనా ఆ మాట అంటే ఒళ్ళు మండేది. ఆ నాలిక ఆ అద్దంలో ఇన్నేళ్ళుగా దాక్కుని ఉందని నాకు అప్పుడే తెలిసింది. నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

"అద్దం ముందు ఫ్లాష్ ఏసీది ఏ ఎదవ?" అన్నాడు బావ మెల్లగా. "ఇజీనారంలో మా గురువుగారు సూస్తే సెంప పగలగొట్టీవోరు. పెద్దది సేసేటప్పుడు నేను పడ్డ భాగానికి అట్టముక్క అడ్డెట్టి వొదిలీసినాను. ఆడు నా ముందు నిలబడిపోనాడు. నన్ను తీస్తే ఆడూ పోయినాడు. ఏం సెయ్యను?"

తర్వాత అడగకుండానే చెప్పాడు. జగదల్‌పూర్‌కి ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారట. మంగ్లూ అప్పట్లో కిరండూల్లో కూలిపని చేస్తూ మన పెళ్ళిళ్ళకీ వాళ్ళ పండగలకీ వాయించేవాడు. దారిలో బావ నిద్రపోతే కెమెరా సంచి కింద పడకుండా మంగ్లూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. క్యాసెట్ బయటికొచ్చాక బావ దగ్గరికొచ్చి అట్ట చూసి, తనెక్కడ అని అడిగాడట. బావ వేలితో ఆ చెయ్యి చూపించాడట. సరేనని నవ్వి వెళ్ళిపోయాడట.

అంతవరకూ నేను బావని వెక్కిరించడమే గానీ తిట్టింది లేదు. ఆ రోజు మాత్రం నిజంగా కోపం వచ్చింది. పేరు వేయలేదని ఊరంతా తిరిగి అరిచిన మనిషి, ఇంట్లో డబ్బాలో ఇంకొకడి మొహం పెట్టుకుని కూర్చున్నాడు. అదే మాట ఆయన మొహాన్నే అన్నాను. ఆయన బియ్యం మూటని మళ్ళీ డబ్బాలో సర్దాడు. ఎదురు చెప్పి ఉంటే నాకు బాగుండేది.

మర్నాడు ఆయనే వచ్చి దంతెవాడ పోదాం పద అన్నాడు. బస్టాండు దగ్గర సతీష్ అనే అతనికి ఫొటోల దుకాణం ఉంది, నెగటివ్‌లని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. తెర మీద ఫొటో నిండుగా లేచింది. అక్క పెళ్ళిలో రాత్రంతా డోలు విన్నానే గానీ, మంగ్లూ మొహం అప్పుడే సరిగ్గా చూశాను. కోల మొహం, పల్చటి మీసం, చెవికి చిన్న పోగు. అందంగా ఉన్నాడు.

సతీష్ అద్దం వైపు చూసి నవ్వాడు. "యే కౌన్ హై అంకుల్, ఎవరీయన? అద్దంలో ఉన్నాయన్ని సాఫ్ చేసేయనా? ఒక్క నిమిషం పని."

బావ తలూపాడు. ఇన్నేళ్ళు కత్తిరించి దాచింది ఇప్పుడు ఒక్క నిమిషంలో తుడిచేయొచ్చు, మంగ్లూ కూడా ఉంటాడు. నాకూ బాగానే ఉందనిపించింది. సతీష్ మౌసు తిప్పాడు. అద్దంలో బావ మాసిపోయాడు. దాంతో పాటు మంగ్లూ చెవి దగ్గర, మెడ మీద కాస్త కాస్త పులుముకుపోయింది. చెవిపోగు లేదు. మనిషి అతనే, కానీ కొత్తగా సున్నం వేసిన గోడలా ఉన్నాడు.

"అలగే ఉంచీ" అన్నాడు బావ. "ఎనక్కి తే. ముందెలగుందో అలగే తే."

"మీ నాలిక కనపడుతుంది అంకుల్."

"ఆడి సెవి ఆడికుంచు. నా నాలిక నాకుంచు."

అలాగే ప్రింటు తీయించాడు. దాని వెనక ముద్ర కొట్టలేదు.

అక్క ఫోను చేస్తే భీమే దంతెవాడ దాకా వచ్చింది. బస్టాండులో జీపుల పక్కన నిలబడే ఫొటో చూసింది. చాలాసేపు చూసింది. జీపులవాళ్ళు సుక్మా సుక్మా అని కేకలేస్తున్నారు. ఆమెకి వినపడినట్టు లేదు. బొటనవేలితో తండ్రి మొహం మీద లేని దుమ్ము తుడిచింది.

"మొన్న లేదంటివి గదా కాకా."

"అబద్ధమాడినాను."

"ఎందుకు?"

బావ అద్దంలో తన నాలిక చూపించాడు. నేనైతే ఆమె నవ్వుతుందనే అనుకున్నాను. నవ్వలేదు. ఫొటో వంక చూసింది, బావ వంక చూసింది.

"దీనికా?" అంది.

బావ తలొంచుకుని, ధీరజ్ పేజీలో కూడా ఈ ఫొటోయే పెట్టించనా, నీకు ఇష్టమేనా అని అడిగాడు. ఆయన ఇంకొకరిని అనుమతి అడగడం నా జీవితంలో చూడటం అదే మొదలు. భీమే ఆలోచించింది.

"పెట్టుకోమను. ఆరుగురని రాయమను. కొయ్యొద్దని చెప్పు."

ధీరజ్ ఆ రోజే పెట్టాడు. ఐదుగురిని ఆరుగురు చేసి, మంగ్లూ పేరు వేసి, దయచేసి కత్తిరించవద్దు అని కూడా రాశాడు. బావ పేరు కింద ఉండనే ఉంది. కథ ఇక్కడితో సుఖంగా అయిపోయిందనుకున్నాం.

నెల తిరక్కుండానే ఒక ఊళ్ళో ఏదో సంగీత మేళా అని పోస్టర్లు వచ్చాయి. వాళ్ళకి పొడుగాటి బొమ్మ కావలసి వచ్చిందేమో, ధీరజ్ పేజీలోంచి ఫొటో తీసుకుని రెండు పక్కలా కోశారు. అంతకుముందు మంగ్లూకి చెయ్యన్నా మిగిలింది. ఈసారి కోత మొహం మధ్యలోంచి పోయింది. పోస్టరు అంచున ఒక కన్ను, సగం ముక్కు. భీమే దాన్ని నా ఫోనుకి పంపింది. కింద ఒక్క మాట రాయలేదు.

ధీరజ్ పాపం ఆ మేళావాళ్ళకి ఫోను చేసి గట్టిగా అడిగాడు. అందరి కోసం పెట్టిన ఫొటోయే కదా, మేమూ కళ కోసమే వాడుకున్నాం అన్నారట వాళ్ళు. "నేను మీతో అన్న మాటే నాతో అన్నారు అంకుల్" అని చెప్పాడు ధీరజ్. నేను బావ అరుస్తాడని ఎదురు చూశాను. ఆయన ఆ ఒక్క కన్ను వంక చూసి ఫోను నాకిచ్చేసి లోపలికి పోయి పడుకున్నాడు. ఆ రోజు ఆయన అరిచి ఉంటే నేను కూడా గొంతు కలిపేవాణ్ణి.

నంద పని పూర్తయిందని భీమే కబురు పెట్టింది. అక్క మోకాళ్ళు జీపు కుదుపులు తట్టుకోలేవు కాబట్టి బావా నేనూ బయల్దేరాం. బావ పాత కెమెరా సంచి తీశాడు, ఎక్కడో వెతికి ఫిల్ము కూడా వేశాడు. "రాయి ఫొటో తెస్తాను, ఇంట్లో కూకుని సూద్దువు గాని" అని అక్కకి మాటిచ్చాడు. భేజ్జి దగ్గర చెక్‌పోస్టులో జవాను కెమెరా తెరవమన్నాడు. తెరిస్తే ఫిల్ము పాడైపోతుందని బావ హిందీలో బతిమాలాడు. ఆ కుర్ర జవాను ఫిల్ము అనేది ఎప్పుడూ చూసినట్టు లేడు, నవ్వి వదిలేశాడు.

రాయి ఊరి మొదట్లో, ఇప్ప చెట్లు దాటాక ఉంది. రాయి అంటారే గానీ నిలువెత్తు సిమెంటు పలక, నాలుగు వైపులా బొమ్మలు. నీలం, పసుపు, ఎరుపు. ఒక వైపు కోడిపుంజు, జీలుగు చెట్టుకి కట్టిన కల్లు కుండ. ఒక వైపు బస్సు, కిటికీలో ఒళ్ళో సంచి పెట్టుకున్న మనిషి. బస్సు సంగతి బావ భీమేకి ఎప్పుడు చెప్పాడో నాకు తెలియదు. ముందు వైపు మైకు చుట్టూ వాయిద్యగాళ్ళు. అందరికన్నా పెద్దగా మంగ్లూ, మెడ వంచి, చెవికి పోగుతో. చేతికి గుడ్డపేలిక తెల్లగా వేశాడు. మొహం అచ్చుగుద్దినట్టు వచ్చింది. పక్కనే ఒక ముసలావిడ రాయి మొదట్లో కూర్చుని ఉంది, భీమే తల్లి. మేము వెళ్ళేసరికి ఆ చెవిపోగు మీద చెయ్యి వేసి ఉంది. ఇంకా తీయలేదు.

నేను అలవాటుగా లెక్కపెట్టాను. ఏడుగురు ఉన్నారు. ఏడోవాడు మంగ్లూ భుజం పక్కనే, మిగతావాళ్ళంత ఎత్తున నిలబడి, పసుపుపచ్చ పెట్టె ఒకటి రెండు చేతులా మొహానికి ఆనించి ఉన్నాడు. పెట్టె కింద నాలిక. నలుపు తెలుపు ఫొటోలో లేని రంగు నంద తన సొంతంగా వేశాడు. ఎర్రటి ఎరుపు.

"అతను కూడా వాయించేటోడే అనుకున్నడు నంద" అంది భీమే. "ఇదేం బాజా అని అడిగిండు, ఎవలికీ తెల్వదు. కెమెరా అని చెప్పేటందుకు నేను పోయేసరికి ఏసేసిండు. తుడిపేద్దామనుకున్న. మళ్ళ ఉండనీ అనుకున్న."

"ఏటమ్మా ఇది" అన్నాను నేను. "బతికున్న మనిషిని సచ్చినోడి రాయి మీద ఎయ్యొచ్చా?"

"నువ్వూరుకోరా" అన్నాడు బావ.

ఆయన దగ్గరికి వెళ్ళి ఆ పసుపు పెట్టెని చూశాడు, నాలిక చూశాడు. పైనుంచి కింది దాకా చూశాడు. దాని కింద ఎవరి పేరూ లేదు. తర్వాత నాలుగడుగులు వెనక్కి వచ్చి కెమెరా సంచి విప్పాడు. కెమెరా తీసి, కంటికి పెట్టబోయి, ఆగి, భీమే వైపు తిరిగాడు.

"తియ్యొచ్చేటమ్మా?"

భీమే రాయి వంక చూసింది. తల్లి వంక చూసింది.

"వద్దు కాకా" అంది. "మళ్ళ ఎవలో కోస్తరు."

ఇంత దూరం వచ్చిన ముసలాయన, ఆమె తండ్రికి మొహం తెచ్చిచ్చినవాడు, అడిగింది ఒక్క ఫొటో. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. బావ నన్ను మాట్లాడనివ్వలేదు. కెమెరా మళ్ళీ సంచిలో పెట్టి, తోలు పట్టీ బిగించి, ఆ ముసలావిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆవిడకి తెలుగు రాదు, బావకి గోండీ అంతంతమాత్రం. పొద్దు వాలేదాకా ఇద్దరూ అలా రాయి వంక చూస్తూనే కూర్చున్నారు.

ఇంటికి చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. మమ్మల్ని లోపలికి కూడా రానివ్వకుండా, "ఏదీ ఫొటో?" అంది.

"తియ్యనేదు" అన్నాడు బావ. "అడిగినాను. వొద్దంది."

"వొద్దంటే ఊరుకున్నావా? నువ్వా?" అక్క నా వంక చూసింది, నేను తలూపాను. "మరి నేనెలగ సూసీది?"

"అక్కడికెళ్ళి సూడాలి. ఇంకెక్కడా దొరకదు. నీ మోకాళ్ళు కాస్త తగ్గనీ, తీసుకెళ్తాను."

అక్క సంచి ఆయన చేతిలోంచి అందుకుంది. "ఇంతకీ రాయి మీద ఎవులెవులున్నారు?"

బావ అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాడు.

"అందరం ఉన్నాం" అన్నాడు.